కంపెనీ లా ఆఫీసర్ల నిరంతర న్యాయ విద్య

కంపెనీ లా ఆఫీసర్ల నిరంతర న్యాయ విద్య అనగా, ఒక కంపెనీలో జీతంపై పనిచేసే న్యాయ పట్టభద్రులు ఉద్యోగంలో చేరిన తరువాత కూడా మారుతున్న చట్టాలను, తీర్పులను, వాటి వలన తమ సంస్థకు కలిగే నష్టభయాన్ని (రిస్కు) క్రమం తప్పకుండా నేర్చుకొనే ఏర్పాటు. భారతదేశంలో ఈ విద్యను ఏ చట్టమూ తప్పనిసరి చేయలేదు. పూర్వపు కర్నూలు, కడప జిల్లాలలో సిమెంటు, ముగ్గురాయి, నాపరాయి, యురేనియం, సౌర విద్యుత్తు పరిశ్రమలు భూమి, ఖనిజం, నీరు అనే మూడింటిపై ఆధారపడి ఉన్నాయి. ఈ మూడింటికి సంబంధించిన చట్టాలు 2013 తరువాత పలుమార్లు మారినందున, ఈ ప్రాంతపు లా ఆఫీసర్లకు నిరంతర విద్య అవసరం ప్రత్యేకంగా కనిపిస్తుంది.

పదవి, పని

న్యాయస్థానంలో వాదించే వృత్తిదారుని అడ్వొకేటు లేదా వకీలు అంటారు. కంపెనీలో ఉండి ఒప్పందాలు రాయడం, నోటీసులకు జవాబులు తయారుచేయడం, అనుమతుల గడువులు చూడడం, కేసులను బయటి వకీళ్ళకు అప్పగించి వెంటబడడం చేసే ఉద్యోగిని లా ఆఫీసరు, లీగల్ మేనేజరు వంటి పేర్లతో పిలుస్తారు. పెద్ద సంస్థలలో ఈ విభాగపు అధిపతిని జనరల్ కౌన్సెల్ అంటారు. చిన్న గనులలో, రాళ్ళ పాలిషింగు కర్మాగారాలలో ఇటువంటి ఉద్యోగి సాధారణంగా ఉండడు. యజమాని, గుమాస్తా, పట్టణంలోని ఒక వకీలు కలిసి ఆ పనిని నడుపుకుంటారు.

వకీలు వద్దకు వివాదం పుట్టిన తరువాత వస్తారు. లా ఆఫీసరు మాత్రం వివాదం పుట్టకముందే దాని జాడ కనిపెట్టవలసి ఉంటుంది. అందుచేత అతనికి చట్టం తెలియడంతో పాటు గని ఎలా నడుస్తుందో, బట్టీకి సున్నపురాయి ఎక్కడినుండి వస్తుందో, పేలుడు పదార్థాలను ఎవరు దింపుతారో కూడా తెలియాలి.

చట్టం దృష్టిలో లా ఆఫీసరు

భారతదేశంలో న్యాయవాద వృత్తి 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం నడుస్తుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 49వ నియమం ప్రకారం, ప్రాక్టీసు చేసే అడ్వొకేటు పూర్తికాలపు జీతం తీసుకునే ఉద్యోగిగా ఉండరాదు. ఉద్యోగంలో చేరినవారు ఆ సంగతిని బార్ కౌన్సిలుకు తెలియజేసి, ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీసు మానివేయాలి. ప్రభుత్వ రంగ సంస్థలలోని లా ఆఫీసర్లకు కొంతకాలం ఉండిన మినహాయింపును బార్ కౌన్సిలు 2001లో తొలగించింది. అదే సంవత్సరం జనవరిలో సుప్రీంకోర్టు సతీష్ కుమార్ శర్మ కేసులో, హిమాచల్ ప్రదేశ్ విద్యుత్తు బోర్డులో పనిచేసే లా ఆఫీసరు అడ్వొకేటుగా కొనసాగడానికి వీలులేదని తీర్పు చెప్పింది.

ఈ స్థితి వలన కలిగే ఫలితం 2025 అక్టోబరు 31న వెలువడిన మరొక తీర్పుతో స్పష్టమైంది. కక్షిదారుకు సలహా ఇచ్చిన అడ్వొకేట్లను దర్యాప్తు సంస్థలు పిలిపించడంపై సుప్రీంకోర్టు తనంతట తానుగా చేపట్టిన కేసు అది. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను కింద అడ్వొకేటుకు, కక్షిదారుకు మధ్య జరిగే సంభాషణకు ఉన్న గోప్యతా రక్షణ కంపెనీ లా ఆఫీసర్లకు వర్తించదని ధర్మాసనం తేల్చింది. యజమాని యొక్క న్యాయ సలహాదారుతో లా ఆఫీసరు జరిపే సంభాషణకు 134వ సెక్షను కింద పరిమితమైన రక్షణ లభిస్తుంది. యజమానికి, లా ఆఫీసరుకు మధ్య నడిచే సంభాషణకు ఆ రక్షణ కూడా లేదు.

దీని అర్థం, ఒక గనిలో లోపం ఉన్నదని లా ఆఫీసరు తన యాజమాన్యానికి రాసే హెచ్చరిక రేపు అదే యాజమాన్యంపై సాక్ష్యంగా నిలవగలదు. అందువలన హెచ్చరిక రాయకుండా ఉండడం సరైన పరిష్కారం కాదు. దేనిని లిఖితపూర్వకంగా చెప్పాలి, ఏ దశలో బయటి అడ్వొకేటు అభిప్రాయం తీసుకోవాలి, చెప్పిన దానిపై చర్య తీసుకున్నట్లు ఎలా నమోదు చేయాలి అనేవి 2025 తరువాతి శిక్షణలో ముఖ్యాంశాలు.

నేర్పే బాధ్యత

న్యాయ విద్యను ప్రోత్సహించడం, దాని ప్రమాణాలు నిర్ణయించడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా విధులలో ఒకటి. కొత్తగా పట్టా పొందినవారికి 2011 మార్చిలో మొదటిసారిగా అఖిల భారత బార్ పరీక్ష జరిగింది. ఆ పరీక్ష వృత్తిలో ప్రవేశానికి సంబంధించినది. ప్రవేశించిన తరువాత ఏటా ఇన్ని గంటలు చదవాలనే నియమం అడ్వొకేట్లకు లేదు. ప్రాక్టీసు మానివేసి కంపెనీలో చేరినవారి సంగతి బార్ కౌన్సిలు పరిశీలనలో ఇంకా వెనుకకు పోతుంది.

పక్క బల్లపై కూర్చునే ఇతర వృత్తులవారి స్థితి వేరు. చార్టర్డ్ అకౌంటెంట్లకు, కంపెనీ సెక్రటరీలకు వారి సంస్థలు నిరంతర విద్యను గంటల లెక్కన తప్పనిసరి చేశాయి. గని కార్మికునికి సైతం 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు ప్రాథమిక శిక్షణతో పాటు పునశ్చరణ శిక్షణను కూడా విధించాయి. అదే గనికి లీజు పత్రాలు చూసే లా ఆఫీసరుకు అటువంటి నిబంధన ఏదీ లేదు.

2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన అడ్వొకేట్ల చట్టపు సవరణ ముసాయిదాలో, కంపెనీలలో న్యాయ సంబంధమైన పని చేసేవారిని కూడా న్యాయవృత్తిదారుల నిర్వచనంలోకి తీసుకువచ్చే ప్రతిపాదన ఉండినది. ముసాయిదాలోని ఇతర అంశాలపై న్యాయవాదులు ఆందోళన చేయగా, ప్రభుత్వం ఆ నెలలోనే దానిని వెనుకకు తీసుకున్నది.

వ్యాపార రిస్కు, కంపెనీల చట్టం

2013 నాటి కంపెనీల చట్టం 134వ సెక్షను ప్రకారం, డైరెక్టర్ల బోర్డు నివేదికలో రిస్కు నిర్వహణ విధానం గురించి తెలియజేయాలి. సంస్థ ఉనికికే ముప్పు తేగల అంశాలేవైనా ఉన్నట్లు బోర్డు భావిస్తే వాటిని పేర్కొనాలి. వర్తించే చట్టాలన్నీ పాటించేటందుకు తగిన వ్యవస్థలు ఏర్పాటు చేశామని డైరెక్టర్లు ప్రకటించాలి. స్టాకు మార్కెట్లో నమోదైన పెద్ద కంపెనీలకు రిస్కు నిర్వహణ కమిటీని సెబీ నిబంధనలు విధించాయి. 2021 నుండి మార్కెట్ విలువలో మొదటి 1,000 కంపెనీలకు ఇది వర్తిస్తున్నది.

డైరెక్టర్లు సంతకం చేసే ఈ ప్రకటనకు కావలసిన సమాచారంలో చాలా భాగం గనుల వద్ద, కర్మాగారాల వద్ద ఉన్న ఉద్యోగులనుండి వస్తుంది. మారిన చట్టం కింది స్థాయికి చేరకపోతే, పై స్థాయిలో చేసిన ప్రకటన సత్యదూరమవుతుంది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ లెక్కలలోని మోసం 2009 జనవరి 7న బయటపడిన తరువాత, బోర్డుకు అందే సమాచారపు నాణ్యత గురించి దేశమంతటా చర్చ జరిగింది.

కర్నూలు, కడప ప్రాంతాల ప్రత్యేకాంశాలు

భూమి

రాయలసీమలో పరిశ్రమకు భూమి కొనేవారు ముందుగా ఎదుర్కొనే మాట డి.కె.టి. పట్టా. భూమిలేని పేదలకు ప్రభుత్వం పంచిన ఈ భూముల బదిలీని 1977 నాటి అసైన్డు భూముల చట్టం నిషేధించింది. ఆ చట్టానికి విరుద్ధంగా జరిగిన కొనుగోలు చెల్లదు. కట్టిన గోడలు, వేసిన యంత్రాలు ఉన్నప్పటికీ భూమిని వెనుకకు తీసుకొనే అధికారం రెవెన్యూ శాఖకు ఉన్నది. కేటాయించి 20 సంవత్సరాలు నిండిన భూములను మూల లబ్ధిదారులు లేదా వారి వారసులు అమ్ముకొనేందుకు వీలు కల్పిస్తూ 2023లో చట్టాన్ని సవరించారు.

రీసెట్లుమెంటు రిజిస్టరులో యజమాని పేరు ఉండవలసిన గడిలో చుక్కలు మాత్రమే ఉన్న సర్వే నంబర్లను చుక్కల భూములు అంటారు. వీటి విషయమై 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ల చట్టం 22ఎ సెక్షను కింద నిషేధిత భూముల జాబితా మరొక ఆటంకం. 2023 అక్టోబరు నెలాఖరున అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కుల చట్టం 2024లో రద్దయింది. ఈ చట్టం ఉన్నదనుకొని 2024 చివర సలహా ఇచ్చినవారు, లేదనుకొని 2023 చివర సలహా ఇచ్చినవారు ఇరువురూ పొరబడి ఉంటారు.

ఖనిజం

ఓబులవారిపల్లె మండలం మంగంపేటలోని ముగ్గురాయి నిక్షేపం ప్రపంచ ప్రసిద్ధమైనది. ముగ్గురాయిని 2015 ఫిబ్రవరిలో కేంద్రం చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చింది. దానితో లీజుల నియమాలు రూపొందించే అధికారం రాష్ట్రానికి వచ్చింది. పది సంవత్సరాల తరువాత, 2025 ఫిబ్రవరి 20న, క్వార్ట్జు, ఫెల్‌స్పార్, మైకాలతో పాటు ముగ్గురాయిని తిరిగి ప్రధాన ఖనిజాల జాబితాలోకి మార్చింది. రాయి మారలేదు, భూమి మారలేదు. దానికి వర్తించే నియమావళి మాత్రం రెండుసార్లు మారింది.

ఎర్రగుంట్ల, చిలంకూరు, జమ్మలమడుగు పరిసరాల సిమెంటు కర్మాగారాలు సున్నపురాయి లీజులపై ఆధారపడి ఉన్నాయి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, సొంత వాడకానికి ఇచ్చిన పాత లీజులు 2030 మార్చి 31 వరకు గాని, పునరుద్ధరణ గడువు ముగిసేవరకు గాని, 50 సంవత్సరాలు పూర్తయ్యేవరకు గాని, వీటిలో ఏది చివరన వస్తే అంతవరకు కొనసాగుతాయి. లీజు షరతులన్నీ పాటించి ఉండడం దీనికి నియమం. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతాన్ని, వేలంలో పొందినవారు 10 శాతాన్ని జిల్లా ఖనిజ నిధికి అదనంగా చెల్లించాలి.

రాయల్టీ కూడా ఒక పన్నేనని సుప్రీంకోర్టు 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో చెప్పింది. చిలంకూరు, ఎర్రగుంట్లలలో కర్మాగారాలున్న సంస్థ పేరుతోనే ఈ తీర్పు ప్రసిద్ధమైనప్పటికీ, వివాదం తమిళనాడు విధించిన సెస్సుకు సంబంధించినది. 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని తీర్పు చెప్పింది. 2005 ఏప్రిల్ 1 తరువాతి కాలానికి సంబంధించిన బకాయిలను రాష్ట్రాలు కోరవచ్చునని, వాటిని 2026 ఏప్రిల్ 1 నుండి 12 సంవత్సరాలలో వాయిదాలుగా చెల్లించవచ్చునని ఆగస్టు 14న స్పష్టం చేసింది. ముప్పది అయిదేళ్ళుగా స్థిరమనుకున్న సూత్రం మారినప్పుడు పాత ఒప్పందాలలో ఆ భారం ఎవరిపై పడుతుందో చూడడం లా ఆఫీసరు పని.

పర్యావరణం, నీరు

పరిశ్రమకు, గనికి పర్యావరణ అనుమతి 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ప్రకారం ముందుగా పొందాలి. అనుమతి లేకుండా లేదా అనుమతికి మించి తవ్విన ఖనిజపు పూర్తి విలువను వసూలు చేయవచ్చునని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 2న కామన్ కాజ్ కేసులో తీర్పు చెప్పింది. పని మొదలుపెట్టిన తరువాత అనుమతి ఇచ్చే పద్ధతిని 2025 మే 16న వనశక్తి కేసులో కొట్టివేసి, అదే సంవత్సరం నవంబరు 18న ఆ తీర్పును 2:1 మెజారిటీతో వెనుకకు తీసుకున్నది.

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ వారి శుద్ధి కర్మాగారం 2012లో ప్రారంభమైంది. దాని వ్యర్థాల చెరువు వలన తమ బోరు నీరు పాడవుతున్నదని సమీప గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ ఈ ఆరోపణను అంగీకరించలేదు. వానలు తక్కువగా పడే ఈ సీమలో బోరుబావిలోని నీరు అరటి తోటకు, ఇంటికి, పశువుకు ఆధారం. కనుక నీటి నాణ్యత లెక్కలను సకాలంలో తీసి, గ్రామస్థులకు అర్థమయ్యే రీతిలో చెప్పడం చట్టపరమైన బాధ్యతే గాక, వివాదాన్ని నివారించే మార్గం కూడా.

కార్మికుల భద్రత

2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ వద్ద రాళ్ళ క్వారీలో జరిగిన పేలుడులో పదిమందికి తక్కువ కాకుండా కార్మికులు మరణించారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లె వద్ద గనికి తెచ్చిన పేలుడు పదార్థాలను దించుతుండగా జరిగిన పేలుడులో పదిమంది చనిపోయారు. 

గనులలో లీజు ఒకరి పేరున ఉండి, జి.పి.ఎ. పత్రం ద్వారా మరొకరు తవ్వకం నడపడం, పేలుడు పనిని ఇంకొక కాంట్రాక్టరుకు అప్పగించడం వాడుకలో ఉన్నది. పత్రం రాసుకున్నంత మాత్రాన లీజుదారుని బాధ్యత తీరదు. పేలుడు పదార్థాల లైసెన్సు, రవాణా, నిల్వ, పేల్చేవాని అర్హత పత్రం అనేవి ఎవరి చేతిలో ఉన్నాయో చూడకుండా ఒప్పందంపై సంతకం చేయించడం ఈ రంగంలో అతిపెద్ద రిస్కు. నష్టపరిహారపు షరతు కంపెనీ సొమ్మును కాపాడవచ్చును గాని, కార్మికుని కాపాడదు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి 1952 నాటి గనుల చట్టం, కాంట్రాక్టు కార్మికుల చట్టం వంటివాటి స్థానం తీసుకున్నందున, ఈ భాగాన్ని లా ఆఫీసర్లు మొదటినుండి మళ్ళీ చదువుకోవలసి వచ్చింది.

విద్యుత్తు ఒప్పందాలు

కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల వద్ద 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. రాయలసీమ జిల్లాలలో పవన విద్యుత్తు కేంద్రాలు కూడా అనేకం ఉన్నాయి. పవన, సౌర విద్యుత్తు కొనుగోలు ధరలను తిరిగి మాట్లాడేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2019 జూలై 1న ఉత్తర్వు జారీచేసింది. ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించగా, 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఒప్పందపు ధరల ప్రకారమే చెల్లించాలని తీర్పు చెప్పింది. తీర్పు అనుకూలంగా వచ్చినా ఆ మధ్యకాలంలో బ్యాంకు వాయిదాలు ఆగవు. ప్రభుత్వ విధానం మారడం కూడా లెక్కించదగిన రిస్కేనని ఈ ఉదంతం చూపుతుంది.

పోటీ చట్టం

సిమెంటు ధరలపై కుమ్మక్కయ్యారనే ఆరోపణపై కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్‌లో 11 కంపెనీలపై సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఈ ఉత్తర్వును అప్పీలు ట్రిబ్యునలు 2015లో కొట్టివేసి తిరిగి విచారించమన్నది. కమిషన్ 2016లో మళ్ళీ జరిమానా విధించగా, 2018లో కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునలు సమర్థించింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఉత్పత్తిదారుల సంఘపు సమావేశంలో ఏయే అంకెలు చర్చించవచ్చును, ఏవి చర్చించరాదు అనే పాఠం ఈ కేసునుండి పుట్టినది. ఈ పాఠం లా ఆఫీసరు కంటే ఎక్కువగా అమ్మకాల విభాగంవారికి అవసరం. వారికి చెప్పవలసినవాడు లా ఆఫీసరు.

బోధనా పద్ధతులు

ఈ విద్యలో సాధారణంగా ఈ క్రింది పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

రిస్కు పట్టిక: ప్రతి అనుమతి, లీజు, ఒప్పందం గడువును, తప్పిన పక్షంలో కలిగే నష్టాన్ని, బాధ్యుడైన ఉద్యోగి హోదాను ఒక పట్టికలో రాసి, మూడు నెలలకొకసారి సరిచూడడం.

తీర్పుల పఠనం: ఒక తీర్పును తీసుకొని అది తమ సంస్థలోని ఏ పత్రాన్ని మారుస్తుందో చర్చించడం. తీర్పు సారాంశం చదివి ముగించడం కంటే ఇది ఉపయోగకరం.

క్షేత్ర పరిశీలన: గనిని, వ్యర్థాల చెరువును, మందుగుండు గదిని స్వయంగా చూడడం. అడంగలులో, పట్టాలో ఉన్నదానిని పొలం గట్టుపై ఉన్నదానితో సరిపోల్చడం.

ప్రమాదానంతర సమీక్ష: ఇతరుల గనిలో జరిగిన ప్రమాదపు కారణాలను తమ ఒప్పందాలతో, తమ అలవాట్లతో పోల్చి చూడడం.

హైదరాబాదులోని నల్సార్ (1998), విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం (2008) తెలుగు రాష్ట్రాలలోని ప్రధాన న్యాయ విద్యా కేంద్రాలు. రెండవదానికి పేరు వచ్చిన సంజీవయ్య కర్నూలు సమీపంలోని పెదపాడు గ్రామంలో జన్మించారు. కర్నూలు జగన్నాథగట్టు వద్ద మరొక న్యాయ విశ్వవిద్యాలయానికి 2024 మార్చి 14న శంకుస్థాపన జరిగింది. కర్నూలులో హైకోర్టు ధర్మాసనం ఏర్పాటు కోరుతూ రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తీర్మానం చేసింది.

ఇతర దేశాలలో

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలు 1975లో నిరంతర న్యాయ విద్యను మొదటిసారిగా తప్పనిసరి చేశాయి. తరువాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. ఇంగ్లండు, వేల్సులలో సొలిసిటర్లకు ఉన్న గంటల లెక్కను 2016 నవంబరు 1 నుండి పూర్తిగా తొలగించి, ఎవరి లోటును వారే గుర్తించి పూరించుకొనే పద్ధతిని ప్రవేశపెట్టారు. అక్కడ కంపెనీలలో పనిచేసే సొలిసిటర్లు కూడా వృత్తిలో సభ్యులుగానే కొనసాగుతారు గనుక ఈ బాధ్యత వారికీ వర్తిస్తుంది.

పరిమితులు

గంటలు లెక్కించే పద్ధతిలో హాజరు పెరుగుతుంది గాని జ్ఞానం పెరుగుతుందన్న హామీ లేదన్నది ఈ విద్యపై ఉన్న ముఖ్య విమర్శ. రెండవది భాష. చట్టాలు, తీర్పులు ప్రధానంగా ఇంగ్లీషులో ఉంటాయి. లీజు భూమి రైతు, క్వారీ మేస్త్రీ, గ్రామ రెవెన్యూ అధికారి తెలుగులో వ్యవహరిస్తారు. నేర్చుకున్నదానిని తెలుగులో చెప్పగలగడం కూడా ఈ శిక్షణలో భాగం కావలసి ఉన్నది. మూడవది అధికారం. లా ఆఫీసరు రిస్కును గుర్తించి చెప్పగలడు. పని ఆపించే అధికారం యాజమాన్యానిది. చెప్పినది వినే ఏర్పాటు సంస్థలో లేనప్పుడు ఎంత చదివినా ప్రయోజనం పరిమితం. ఒర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. ఈ రెండు జిల్లాలకు కొత్త పరిశ్రమలు వస్తున్న కొద్దీ ఈ మూడు లోట్ల ప్రాధాన్యం పెరుగుతుంది.

ఇవి కూడా చూడండి

అడ్వొకేట్ల చట్టం, 1961
కంపెనీల చట్టం, 2013
మంగంపేట
తుమ్మలపల్లె
దామోదరం సంజీవయ్య